పాత మ్యాక్‌ల లేబుళ్ల మీద ఏం రాయాలి: సిస్టమ్ 6 అనా, మ్యాక్‌ఓఎస్ 6 అనా?

లేబుల్_పని:
కాలేజీలో పాత కంప్యూటర్ల ప్రదర్శన పెడుతున్నాం. యాపిల్ బల్ల మీదికి ఐదు మెషీన్లు వస్తున్నాయి: మ్యాకింటాష్ ప్లస్, మ్యాకింటాష్ క్లాసిక్, పవర్ మ్యాకింటాష్ 6100, మొదటి తరం ఐమ్యాక్, 2006 నాటి తెల్ల మ్యాక్‌బుక్. ప్రతి లేబుల్‌లో మెషీన్ పేరు, సంవత్సరం, ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ అని నాలుగు లైన్లు. నాలుగో లైన్ దగ్గరే పంచాయతీ. చిత్తు ప్రతిలో వరుసగా మ్యాక్‌ఓఎస్ 3, మ్యాక్‌ఓఎస్ 6, మ్యాక్‌ఓఎస్ 7, మ్యాక్‌ఓఎస్ 8, మ్యాక్‌ఓఎస్ టైగర్ అని ఉంది. 1986లో మ్యాక్‌ఓఎస్ అనే పేరే లేదని ఒకరి అభ్యంతరం. చూడ్డానికి వచ్చే పిల్లలకు తెలిసిన పేరు అదొక్కటే, అదే ఉంచుదామని ఇంకొకరు.

నాకు తేలాల్సినవి మూడు. ఏ కాలానికి ఏ పేరు సరైనది? మెషీన్‌లో నిజంగా ఏముందో ఎలా చూడాలి? లేబుళ్లు పూర్తిగా తెలుగు లిపిలో ఉంటాయి కాబట్టి పేర్లలో స్పేస్, అక్షరాలు ఎలా రాయాలి?

---

ఫ్లాపీల_బీరువా:
అభ్యంతరం చెప్పినవారిదే న్యాయం. మీ ఐదు మెషీన్లలో "మ్యాక్‌ఓఎస్" అన్న పేరుతో బయటికి వచ్చింది ఒక్కటీ లేదు. అలా కలిపి రాసే పేరు 2016లో వచ్చింది. మొదటి మూడింటికైతే "మ్యాక్ ఓఎస్" అని విడగొట్టి రాసినా తప్పే.

1984 జనవరిలో మొదటి మ్యాకింటాష్ వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు సొంత పేరంటూ లేదు. ఫ్లాపీ మీద సిస్టమ్ అని ఒక ఫైల్, ఫైళ్లూ ఫోల్డర్లూ తెర మీద చూపించే ఫైండర్ అని ఇంకో ఫైల్. ఒక్కోదానికి ఒక్కో వెర్షన్ నంబర్. ఆ మొదటి డిస్కులో సిస్టమ్ 0.97, ఫైండర్ 1.0. ఇప్పుడు అందరూ "సిస్టమ్ 1" అనేది దాన్నే. రెండు నంబర్లూ జత కట్టి నడవలేదు. మీ మ్యాకింటాష్ ప్లస్ 1986 జనవరిలో వచ్చింది, దాంతోపాటు ఇచ్చింది సిస్టమ్ 3.0, ఫైండర్ 5.1. ఎవరైనా ఫైండర్ నంబర్ చూసి "సిస్టమ్ 5" అని రాసేస్తే చరిత్ర దాదాపు రెండేళ్లు ముందుకు దూకినట్టే.

అసలు చిక్కు 1987లో ఉంది. అప్పటికి యాపిల్ ఈ ఫైళ్లన్నీ కలిపిన డిస్కుల కట్టకు "సిస్టమ్ సాఫ్ట్‌వేర్" అని మూడో నంబర్ కూడా ఇస్తోంది. 1987 అక్టోబర్‌లో వచ్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 5.0 లోపల చూస్తే సిస్టమ్ ఫైల్ 4.2, ఫైండర్ 6.0, ఒకేసారి చాలా ప్రోగ్రాములు నడపడానికి కొత్తగా వచ్చిన మల్టీఫైండర్ 1.0. ఒకే కట్టలో నాలుగు నంబర్లు! అందుకే ఒకే డిస్కును ఒకరు 4.2 అంటారు, ఇంకొకరు 5 అంటారు, మూడోవారు 6 అంటారు, ముగ్గురి దగ్గరా రుజువు ఉంటుంది. సిస్టమ్ ఫైల్‌కు 5 అన్న నంబర్ ఎన్నడూ లేదు. 4 వరుస నుంచి నేరుగా 6.0కు వెళ్లింది. 1988లో వచ్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 6.0తోనే కట్ట నంబరూ సిస్టమ్ ఫైల్ నంబరూ ఒకటయ్యాయి. అప్పటికీ ఫైండర్ 6.1 అని ఒక మెట్టు పైనే నిలబడింది.

కాబట్టి 6కు ముందరి వాటికి రెండు నంబర్లూ రాయండి: "సిస్టమ్ 3.0, ఫైండర్ 5.1". పొడుగైనా వేరే దారి లేదు. 6, 7 వాటికి "సిస్టమ్ 6.0.7", "సిస్టమ్ 7.1.2" అంటే చాలు.

మీ లిస్టులో మ్యాకింటాష్ క్లాసిక్ ఉంది కదా, దానికో విశేషం ఉంది. 1990 అక్టోబర్‌లో వచ్చిన ఆ మెషీన్ రోమ్‌లోనే (బోర్డు మీది చెరగని చిప్‌లోనే) సిస్టమ్ 6.0.3 మొత్తం దాచి ఉంటుంది. హార్డ్ డిస్క్ పాడైనా పరవాలేదు. స్విచ్ వేసి కమాండ్, ఆప్షన్, ఎక్స్, ఓ నాలుగు కీలూ కలిపి నొక్కి పట్టుకుంటే రోమ్ నుంచే బూట్ అవుతుంది. ప్రదర్శనలో పెట్టడానికి దీనికి మించిన మెషీన్ లేదు. కానీ అలా బూట్ చేసి తెర మీద కనిపించిన 6.0.3ను లేబుల్ మీద ఎక్కించకండి. ఆ మెషీన్‌తో పాటు డిస్కుల మీద ఇచ్చింది 6.0.7. లేబుల్‌లో "రోమ్‌లో సిస్టమ్ 6.0.3, డిస్క్ మీద 6.0.7" అని రాస్తే రెండూ నిలుస్తాయి.

పవర్ మ్యాకింటాష్ 6100 వచ్చింది 1994 మార్చిలో, పవర్‌పీసీ ప్రాసెసర్‌తో వచ్చిన మొదటి జట్టులో అదొకటి. దాని కోసం ప్రత్యేకంగా చేసింది సిస్టమ్ 7.1.2. "సిస్టమ్ 7" అని వదిలేయకండి. 1991 మే నెలలో వచ్చిన 7.0 ఆ మెషీన్ మీద బూట్ కూడా కాదు.

---

సూటిగా:
ఇంత లోతు అవసరమా అండి? ప్రదర్శనకు వచ్చేది ఇంటర్ పిల్లలు. "సిస్టమ్ 3.0, ఫైండర్ 5.1" అంటే వాళ్లకు ఏం బోధపడుతుంది? అన్నిటికీ మ్యాక్‌ఓఎస్ అని పెట్టి పక్కన సంవత్సరం వేస్తే సరిపోదా? ఇంటికెళ్లి వెతుక్కున్నా ఆ పేరుకే ఎక్కువ ఫలితాలు వస్తాయి.

---

పదో_వెర్షన్:
సూటిగా గారూ, వెతుక్కోవడానికే ఆ పద్ధతి అడ్డం పడుతుంది. "మ్యాక్‌ఓఎస్ 8" అని రాసిన లేబుల్ చూసి వెతికినవారికి ఏది దొరకాలి? ఆ పేరుతో రెండు వేర్వేరు సరుకులున్నాయి. 1995, 96 నాటి పత్రికల్లో "మ్యాక్ ఓఎస్ 8" అంటే కోప్లాండ్ అనే ప్రాజెక్టు. దాన్ని 1996 ఆగస్టులో ఆపేశారు, అమ్మకానికి రానే లేదు. 1997 జూలైలో మ్యాక్ ఓఎస్ 8 పేరుతో వచ్చింది వేరే, పాత సిస్టమ్ 7 వంశంలోదే. మొదట దానికి 7.7 అని నంబర్ అనుకున్నారు. స్టీవ్ జాబ్స్ తిరిగి వచ్చాక 8 చేశారు. యాపిల్ కాని కంపెనీలు మ్యాక్ నకళ్లు తయారు చేసుకోవడానికి ఇచ్చిన లైసెన్సులు 7 వరుసకే వర్తిస్తాయి, నంబర్ మారిస్తే అవి అక్కడితో ముగుస్తాయి. అంటే ఒక్క అంకె మార్పుతో ఒక వ్యాపారం మూతపడింది. పేర్లు పట్టించుకోనక్కర్లేదని ఎలా అంటాం?

"మ్యాక్ ఓఎస్" అనే పేరు పుట్టిందీ ఆ నకళ్ల వల్లే. వేరే కంపెనీ పెట్టె మీద "మ్యాకింటాష్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్" అంటే పొసగదు కదా. 1995లో వచ్చిన 7.5.1 అప్‌డేట్‌తో బూట్ అయ్యేటప్పుడు తెర మీద రెండు ముఖాల బొమ్మతో మ్యాక్ ఓఎస్ అని కనిపించడం మొదలైంది. అయినా లోపల వెర్షన్ చూపించే అబౌట్ కిటికీలో "సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 7.5" అనే ఉండేది. అధికారికంగా పేరు మారింది 1997 జనవరిలో 7.6తో. నా లెక్కలో గీత అక్కడ: 7.5.5 దాకా "సిస్టమ్", 7.6 నుంచి "మ్యాక్ ఓఎస్". 7.5.1 నుంచి 7.5.5 మధ్యలో ఉన్నవాటిని మ్యాక్ ఓఎస్ అన్నా తప్పు పట్టను, తెర మీద కనిపించే పేరే అది.

మీ ఐమ్యాక్ 1998 ఆగస్టుది, మ్యాక్ ఓఎస్ 8.1తో వచ్చింది. ఇక్కడ విడగొట్టి రాయడం సరైనది.

2001 తర్వాత సంగతి ఇంకోటి. పునాది మొత్తం మారింది. నెక్స్ట్ కంపెనీని కొని, దాని యూనిక్స్ సిస్టమ్ మీద కట్టిందే మ్యాక్ ఓఎస్ ఎక్స్. 2001 మార్చి 24న 10.0 వచ్చింది. 2011లో వచ్చిన 10.7 లయన్ దాకా అబౌట్ కిటికీలో "మ్యాక్ ఓఎస్ ఎక్స్" అనే ఉంది, లయన్ ప్రకటనల్లో మాత్రం మ్యాక్ అన్న మాట లేకుండా వాడటం మొదలుపెట్టారు. 2012లో 10.8 మౌంటెన్ లయన్‌తో పూర్తిగా "ఓఎస్ ఎక్స్" అయింది. 2016 సెప్టెంబర్‌లో 10.12 సియెరాతో "మ్యాక్‌ఓఎస్". మీ తెల్ల మ్యాక్‌బుక్ 2006 మే నెలది కాబట్టి దాని లైన్: "మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.4 టైగర్". ఒట్టి "టైగర్" అని వదిలితే నంబర్ పోతుంది, ఒట్టి "10.4" అంటే పేరు పోతుంది.

జంతువుల పేర్లలోనూ ఒక మెలిక ఉంది. 10.0ను చీటా, 10.1ను ప్యూమా అని ఇప్పుడు అన్ని పట్టికల్లోనూ రాస్తున్నారు. అవి కంపెనీ లోపలి సంకేతనామాలు, పెట్టె మీద లేవు. అమ్మకానికి పేరుగా వాడిన మొదటి పిల్లి 2002 నాటి 10.2 జాగ్వార్. "మ్యాక్ ఓఎస్ ఎక్స్ చీటా" అనే ఉత్పత్తి ఏదీ అంగట్లో దొరకలేదు.

---

టెర్మినల్_తాత:
పైవాళ్లు పేర్ల సంగతి బాగా చెప్పారు. మీ రెండో ప్రశ్నకు వస్తాను, మెషీన్‌లో ఏముందో చూసే పద్ధతి.

ముందు లేబుల్‌లో రెండు విషయాలు విడదీయండి: "అమ్మినప్పుడు ఇచ్చినది", "ఇప్పుడు ఉన్నది". ప్లస్ మీద సిస్టమ్ 7.5.5 దాకా ఎక్కుతుంది. 1986 మెషీన్ తెర మీద 1996 సాఫ్ట్‌వేర్ కనిపిస్తూ కింద "1986" అని ఉంటే చూసేవాళ్లు రెండూ ఒకేసారి వచ్చాయనుకుంటారు.

సిస్టమ్ 6, అంతకు ముందువి: ఫైండర్‌లో ఉండగా యాపిల్ మెనూలో మొదటి లైన్ "అబౌట్ ద ఫైండర్". అందులో ఫైండర్, సిస్టమ్ రెండు నంబర్లూ కనిపిస్తాయి. సిస్టమ్ 7లో అదే చోట "అబౌట్ దిస్ మ్యాకింటాష్". మ్యాక్ ఓఎస్ 8, 9లో "అబౌట్ దిస్ కంప్యూటర్". మ్యాక్ ఓఎస్ ఎక్స్ నుంచి "అబౌట్ దిస్ మ్యాక్". ఈ మాట ఒక్కటి చూసినా ఏ కాలందో తెలిసిపోతుంది. ఫొటో మాత్రమే ఉండి మెషీన్ లేనప్పుడు నేను మొదట చూసేది అదే. జాగ్రత్త ఒకటి: మ్యాక్ ఓఎస్ 9 దాకా ఆ లైన్ ఫైండర్ ముందున్నప్పుడే వస్తుంది, వేరే ప్రోగ్రామ్ తెరిచి ఉంటే దాని అబౌట్ వస్తుంది.

బూట్ చేయకుండా ఫ్లాపీలోని నంబర్ చూడాలంటే, పనిచేసే ఇంకో పాత మ్యాక్‌లో ఆ ఫ్లాపీ పెట్టి, సిస్టమ్ ఫోల్డర్‌లో సిస్టమ్ ఫైల్‌ను ఎంచుకుని కమాండ్-ఐ నొక్కండి. గెట్ ఇన్ఫో కిటికీలో వెర్షన్ ఉంటుంది. ఫ్లాపీ పెట్టే ముందు వెనకున్న చిన్న తలుపు జరిపి రంధ్రం తెరవాలి, తెరిచి ఉంటేనే రాత నిషేధం. ఈ ఒక్క పని మరిచిపోతే సిస్టమ్ 7 ఆ ఫ్లాపీలోని డెస్క్‌టాప్ ఫైల్‌ను తనకు నచ్చినట్టు మార్చేస్తుంది. ఇప్పటి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొని చూద్దామనుకోకండి. 400కే, 800కే మ్యాక్ ఫ్లాపీలు ట్రాక్‌ను బట్టి వేగం మారే పద్ధతిలో రాసినవి, ఆ డ్రైవ్ వాటిని చదవలేదు. 1.44 ఎంబీవి మాత్రమే చదువుతుంది.

ఫైల్ తేదీలను నమ్మొద్దు. బోర్డు మీది బ్యాటరీ చచ్చిన పాత మ్యాక్ గడియారం 1904కో 1956కో వెనక్కి పోతుంది. ఆ స్థితిలో సేవ్ చేసిన ప్రతి ఫైల్‌కూ అదే ఏడాది పడుతుంది. సిస్టమ్ ఫైల్ "మాడిఫైడ్" తేదీ అసలే పనికిరాదు. ఆ రోజుల్లో ఫాంట్లు కూడా సిస్టమ్ ఫైల్ లోపలే ఉండేవి. ఒక ఫాంట్ ఎక్కించినా తేదీ మారుతుంది.

మ్యాక్‌బుక్‌కు వస్తే టెర్మినల్ తెరిచి ఎస్, డబ్ల్యూ, అండర్‌స్కోర్, వి, ఇ, ఆర్, ఎస్ అక్షరాల కమాండ్ కొట్టండి. ఉత్పత్తి పేరు, వెర్షన్, బిల్డ్ (ఆ వెర్షన్ తయారీ నంబర్) అని మూడు లైన్లు వస్తాయి. పదో_వెర్షన్ గారు చెప్పిన పేర్ల మార్పులన్నీ ఈ కమాండ్‌కు పట్టలేదు. 2019 నాటి 10.15 కాటలీనా దాకా ఉత్పత్తి పేరు "మ్యాక్ ఓఎస్ ఎక్స్" అనే చూపించింది. 2020లో 11 బిగ్ సర్‌తోనే అక్కడ "మ్యాక్‌ఓఎస్" అయింది. మెషీనే చెప్పింది కదా అని 2019 సిస్టమ్‌ను మ్యాక్ ఓఎస్ ఎక్స్ అని రాస్తే తప్పు. బ్రౌజర్లదీ ఇదే కథ. ఇవాళ్టి కొత్త మ్యాక్‌లో సఫారీ కూడా వెబ్‌సైట్లకు "ఇంటెల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.15.7" అనే చెప్పుకుంటుంది, లోపల ఇంటెల్ చిప్ లేకపోయినా సరే. పాత సైట్లు చెడిపోకూడదని అక్కడ ఆపేశారు.

మ్యాక్‌బుక్ బూట్ కాకపోతే టీ కీ నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. ఫైర్‌వైర్ కేబుల్‌తో ఇంకో మ్యాక్‌కు కలిపితే ఒట్టి డిస్క్‌లా తెరుచుకుంటుంది. సిస్టమ్ ఫోల్డర్‌లో లైబ్రరీ, అందులో కోర్‌సర్వీసెస్, అందులో సిస్టమ్‌వెర్షన్ అనే ప్లిస్ట్ ఫైల్. టెక్స్ట్ ఎడిటర్‌లో చదువుకోవచ్చు.

---

లేబుల్_పని:
అందరికీ ధన్యవాదాలు. నాలుగో లైన్‌ను రెండుగా చీల్చాను, "అమ్మినప్పుడు", "ఇప్పుడు" అని. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ప్రదర్శన మొదట్లో పెట్టే పెద్ద బోర్డు మీద 1984 నుంచి 2001 దాకా మొత్తాన్ని కలిపి ఏమనాలి? "క్లాసిక్" అనవచ్చా? రెండు, స్పేస్ సంగతి. తెలుగులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు. "మ్యాక్ ఓఎస్", "మ్యాక్‌ఓఎస్" అని పక్కపక్కన ఉంటే చూసేవాళ్లు ముద్రారాక్షసం అనుకుంటారు.

---

ఫ్లాపీల_బీరువా:
మొత్తం వంశాన్ని ఒక్క మాటలో చెప్పాల్సి వస్తే "క్లాసిక్ మ్యాక్ ఓఎస్" అనే ఇప్పుడు అందరూ అంటున్నారు. తర్వాతి కాలంవాళ్లు వెనక్కి తిరిగి పెట్టిన పేరది. బోర్డు మీద వాడుకోండి, లేబుల్ మీద వద్దు. పైగా మీ బల్ల మీద అదో తలనొప్పి. మ్యాకింటాష్ క్లాసిక్ అని మెషీనే ఒకటి ఉంది. ఇంకా, మ్యాక్ ఓఎస్ ఎక్స్ లోపల పాత మ్యాక్ ఓఎస్ 9 ప్రోగ్రాములు నడపడానికి ఇచ్చిన ఏర్పాటు పేరు కూడా క్లాసిక్. ఆ ఏర్పాటు పవర్‌పీసీ మెషీన్ల మీద 10.4 దాకా ఉంది, 10.5 లెపర్డ్‌లో తీసేశారు. ఇంటెల్ మెషీన్ల మీద అసలు లేదు. అంటే మీ మ్యాక్‌బుక్‌లో ఉన్నది టైగరే అయినా అందులో క్లాసిక్ ఉండదు. మూడు క్లాసిక్‌లు ఒకే గదిలో ఉంటే గైడ్‌గా నిలబడిన విద్యార్థికి నోరు తిరగదు. నేనైతే బోర్డు మీద "పాత మ్యాక్ సిస్టమ్‌లు, 1984 నుంచి 2001" అని రాస్తాను.

---

పదో_వెర్షన్:
స్పేస్ సంగతి. తేడా తెలిపే గుర్తు తెలుగులో అదొక్కటే కాబట్టి వదులుకోకండి, కానీ దాని మీదే భారం వేయకండి. ప్రతి పేరు పక్కనా ఏడాది ఉంటే గందరగోళం రాదు. "మ్యాక్ ఓఎస్ 8.1, 1998" అన్నాక ఎవరూ దాన్ని ఇప్పటి దానితో కలపరు. ఎక్స్ అనాలా టెన్ అనాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కంపెనీవారు పలికేది టెన్ అనే, అది రోమన్ పది. అయినా లేబుల్ మీద "ఎక్స్" రాయండి, తెర మీద కనిపించే అక్షరం అదే. గైడ్‌లకు "టెన్" అని పలకమని చెప్పండి.

లేబుళ్లు ఎక్సెల్ షీట్ నుంచి ప్రింట్ చేస్తున్నట్టయితే ఇది తప్పక చూడండి. వెర్షన్ గడికి టెక్స్ట్ ఫార్మాట్ ముందే పెట్టాలి. లేకపోతే 10.10 అని కొట్టగానే అది దశాంశం అనుకుని 10.1 చేస్తుంది. 10.1 వచ్చింది 2001లో. 10.10 యోసెమిటీ వచ్చింది 2014లో. పదమూడేళ్లు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. వెర్షన్ నంబర్‌లో చుక్క దశాంశ బిందువు కాదు, 10.9 తర్వాతిది 10.10. అంకెలు టైప్ చేశాక ఫార్మాట్ మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు, మళ్లీ కొట్టాల్సిందే.

ఫైండ్-రీప్లేస్‌తో అన్ని పేర్లూ ఒకేసారి మార్చే ప్రయత్నం కూడా వద్దు. "మ్యాక్‌ఓఎస్" అని తెలుగులో కొట్టేటప్పుడు క్ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని నాన్-జాయినర్ అక్షరం కొందరి కీబోర్డులో పడుతుంది, కొందరి దాంట్లో పడదు. కంటికి ఒకేలా ఉంటాయి, వెతికితే సగమే దొరుకుతాయి.

---

టెర్మినల్_తాత:
కనిపించని అక్షరం అన్నారు కాబట్టి ఒక మాట. వెర్షన్ నంబర్ ఒక్కటే సరిపోని సందర్భానికి మన తెలుగే ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం యాపిల్ పరికరాలను కూల్చేసింది గుర్తుందా? జ కింద ఞ వత్తు, తర్వాత ఆ కనిపించని నాన్-జాయినర్, ఆపైన దీర్ఘం. ఆ వరుస తెర మీదికి రాగానే మెసేజ్‌ల యాప్ మూతపడేది. ఫోన్లకు మరమ్మతు ఐఓఎస్ 11.2.6గా వచ్చింది, నంబర్ మారింది కాబట్టి గుర్తించడం తేలిక. మ్యాక్‌కు మాత్రం "హై సియెరా 10.13.3 సప్లిమెంటల్ అప్‌డేట్" అని ఇచ్చారు. మరమ్మతుకు ముందూ 10.13.3, తర్వాతా 10.13.3! తేడా బిల్డ్‌లోనే: ముందరిది 17డీ47, తర్వాతిది 17డీ102. ఐమ్యాక్ ప్రోకు బిల్డ్ వేరు. అబౌట్ కిటికీలో వెర్షన్ నంబర్ మీద ఒకసారి నొక్కితే పక్కనే బిల్డ్ కనిపిస్తుంది. లేబుల్ మీద అక్కర్లేదు కానీ, మీ దగ్గర పెట్టుకునే జాబితాలో బిల్డ్‌కు ఒక గడి ఉంచండి.

అప్‌డేట్‌లు ఎక్కించేటప్పుడు నంబర్‌ను బట్టి నిర్ణయాలు తీసుకునే పాత స్క్రిప్ట్‌లు మీ ల్యాబ్‌లో ఉంటే వాటినీ ఒకసారి చూడండి. "10తో మొదలవుతుంది" అని నమ్మి రాసినవి బిగ్ సర్ దగ్గర బోల్తా పడ్డాయి. 11 తర్వాత 15 దాకా ఏడాదికొకటి వచ్చి, 2025లో 15 సెకోయా నుంచి 26 టాహోకు ఒకేసారి దూకారు. మధ్యలో 16 నుంచి 25 దాకా ఏవీ లేవు. ఎవరైనా "మ్యాక్‌ఓఎస్ 18" అని రాస్తే అది ఊహే.

---

సూటిగా:
సరే, ఒప్పుకుంటున్నాను, ఏడాది పక్కన ఉంటే పాత పేరూ అర్థమవుతుంది. విండోస్ బల్లకూ ఇదే లెక్కా?

---

టెర్మినల్_తాత:
అక్కడ పేరు ఒకటి, లోపలి నంబర్ ఒకటి. విండోస్ 7 లోపల 6.1, విస్టా 6.0, 8 లోపల 6.2, విండోస్ 11 లోపల 10.0, బిల్డ్ 22000 నుంచి. విండోస్ 11 రిజిస్ట్రీలో (అమరికలు దాచే చోట) ఉత్పత్తి పేరు చూస్తే ఇంకా "విండోస్ 10" అనే ఉంటుంది. అందుకని అక్కడ రిజిస్ట్రీ చూసి లేబుల్ రాయొద్దు, పెట్టె మీది పేరు రాయాలి. విండోస్ 3.1, విండోస్ ఎన్‌టీ 3.1 రెండూ వేర్వేరు, 1993లో వచ్చిన ఎన్‌టీ తన మొదటి వెర్షన్‌కే 3.1 అని పెట్టుకుంది. మిగతాది వేరే దారంలో అడగండి, ఇది మ్యాక్‌ల దారం.

---

లేబుల్_పని:
ఆఖరిది. బల్ల చివర 2007 నాటి మొదటి ఐఫోన్ కూడా పెడుతున్నాం. దానికి "ఐఓఎస్ 1" అని రాసి ఉంది. అదైనా సరేనా?

---

పదో_వెర్షన్:
అదీ కాదండి. 2007లో ఫోన్ విడుదల చేసినప్పుడు అది ఓఎస్ ఎక్స్ మీద నడుస్తుందని మాత్రమే చెప్పారు, ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు వేరే పేరు పెట్టలేదు. 2008 మార్చిలో డెవలపర్లకు కిట్ ఇచ్చినప్పుడు "ఐఫోన్ ఓఎస్" అన్నారు. ఐఓఎస్ అన్న పేరు 2010 జూన్‌లో వెర్షన్ 4తో వచ్చింది. సిస్కో కంపెనీ రౌటర్ల సాఫ్ట్‌వేర్‌కు అంతకు చాలా ముందు నుంచే ఆ పేరు ఉంది కాబట్టి, వాళ్ల దగ్గర అనుమతి తీసుకుని వాడుకున్నారు. 2010 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఐప్యాడ్ పెట్టెలోంచి తీసినప్పుడు ఐఫోన్ ఓఎస్ 3.2 ఉండేది.

మొదటి ఐఫోన్‌కు వెర్షన్ 4 ఇవ్వలేదు. దాని మీద ఎక్కే ఆఖరిది 3.1.3. అంటే ఆ మోడల్ మీద ఐఓఎస్ పేరుతో ఏదీ ఎన్నడూ నడవలేదు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో వెర్షన్ చూడండి. 1తో మొదలైతే "ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 1.0, 2007" లాగా రాయండి. 2, 3తో మొదలైతే "ఐఫోన్ ఓఎస్". చూసేముందు ఛార్జింగ్ పెట్టి పది నిమిషాలు ఆగండి, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీతో వెంటనే తెర వెలగదు. వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఛార్జర్ తగిలించకండి, 3.1.3 దాకా ఎక్కుతుందని రాసి ఆపి ఉంచిన ఫోన్‌నే పెట్టండి.